అంకె తగ్గించమన్న కలెక్టరు

బళ్ళారి దాటి ఆలూరు వైపు పోతుంటే సరిహద్దు ఎక్కడొచ్చిందో నేల చెప్పదు. ఇటూ అదే నల్లరేగడి, అటూ అదే. ఇటూ పత్తి, అటూ పత్తి. మాటలో కూడా పెద్ద తేడా ఉండదు. తెలుగులోకి కన్నడం, కన్నడంలోకి తెలుగు చుట్టపుచూపుగా వచ్చి అక్కడే ఉండిపోతాయి. తేడా అంతా కాగితంలో ఉంది. బ్యాంకులో పంట అప్పు కావాలంటే ఇటు రైతు పహణి తీయించుకుంటాడు, అటు రైతు అడంగల్ తీయించుకుంటాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి. బళ్ళారి తాలూకా మీద పెద్ద పేచీ నడిచింది. జస్టిస్ మిశ్రా విచారణ జరిగాక అది మైసూరు రాష్ట్రానికి దక్కింది. అన్నదమ్ముల భాగాల్లా జిల్లా చీలింది.

పేర్లు వేరైనా ఆ రెండు కాగితాల్లోనూ ఉండే సంగతి ఒకటే. ఫలానా నంబరు చేను, ఇంత విస్తీర్ణం, ఇంత శిస్తు, ఫలానా వాడి పేరు. ఊరి పేరు మీద కాదు, జమీందారు పేరు మీద కాదు, దున్నే మనిషి పేరు మీద. ఇది మనకు ఎంత అలవాటైపోయిందంటే ఎప్పుడూ ఇలాగే ఉండేదనుకుంటాం. కాదు. ఈ గడ్డ మీద ఈ పద్ధతిని పెద్ద ఎత్తున కూర్చిన మనిషి ఒకడున్నాడు. ఏడేళ్ళు ఇక్కడ కలెక్టరీ చేశాడు. పేరు థామస్ మన్రో.

మన్రోను తలుచుకుంటే మంత్రాలయం కథ గుర్తుకు రావడం మామూలే. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు లెక్కల మనిషిని చూద్దాం.

1761లో గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా వలసలు ఇంగ్లండు మీద తిరగబడి యుద్ధం రావడంతో ఆ వ్యాపారం మునిగింది, ఇల్లు గుల్లయింది. కొడుకు కంపెనీ పటాలంలో క్యాడెట్‌గా చేరి 1780 మొదట్లో మద్రాసులో దిగాడు. వచ్చిన ఏడాదే హైదరాలీతో యుద్ధం. పన్నెండేళ్ళు సిపాయి బతుకే. రెవెన్యూలోకి రావడం దాదాపు అనుకోకుండా జరిగింది. 1792లో టిప్పు ఓడి బారామహల్ ఇచ్చేశాక ఆ సీమలో పన్ను ఎవరు కట్టించాలన్న ప్రశ్న వచ్చింది. మద్రాసు దొరల్లో ఊరి భాష తెలిసినవాడు కరువు. దానితో గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ కెప్టెన్ రీడ్ అనే సైనికాధికారికి పని అప్పగించాడు. రీడ్ కింద సహాయకుల్లో మన్రో ఒకడు. అక్కడ ఏడేళ్ళు చేలగట్ల మీద తిరిగాడు.

1799లో శ్రీరంగపట్నం పడింది. మన్రోను కన్నడ తీరానికి, అంటే కెనరాకు పంపారు. అక్కడి వానలు, అక్కడి మనుషులు, ఏదీ అతనికి పడలేదు. కానీ ఒక సంగతి మాత్రం మనసులో నాటుకుంది. అక్కడి రైతులు భూమిని అమ్ముతున్నారు, కొంటున్నారు, తాకట్టు పెడుతున్నారు. వెనకటి రాజుల కాలంలో పన్ను తక్కువగా, స్థిరంగా ఉండేది కనుక పొలం మీద రైతుకు ఎంతో కొంత మిగిలేది. మిగులు ఉంటేనే భూమికి వెల. పన్ను కట్టగా ఏమీ మిగలని చేనును ఎవడు కొంటాడు? చిన్న సంగతే, కానీ తర్వాత ఇరవై ఏళ్ళు ఆ మనిషి రాసిన కాగితాలన్నిటికీ మూలం ఇదే.

1800 అక్టోబరులో నిజాం తన దగ్గరుండే కంపెనీ సైన్యం ఖర్చు కింద, టిప్పు నుంచి తనకు వచ్చిన సీమను కంపెనీకి రాసిచ్చాడు. ఇప్పటి బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత. దొరలు దీన్ని సీడెడ్ జిల్లాలన్నారు, మనవాళ్ళు దత్తమండలాలన్నారు. ఎవరి సొమ్మో ఎవరో దానం ఇచ్చినట్టుండే ఆ పేరు చాలామందికి కంటగింపు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అన్న పేరు సూచించేదాకా అదే నడిచింది. కెనరా నుంచి ఎప్పుడు బయటపడదామా అని చూస్తున్న మన్రో ఈ సీమకు అడిగి మరీ వచ్చాడు. ప్రిన్సిపల్ కలెక్టరు హోదా, కింద నలుగురు సహాయ కలెక్టర్లు. వాళ్ళలో ఆదోని వైపు చూసిన విలియం థాకరే, తర్వాతి కాలపు ఇంగ్లీషు నవలాకారుడు థాకరేకి పెదనాన్న.

వచ్చేసరికి సీమ ఎలా ఉందంటే, ఎనభై మంది దాకా పాళెగాళ్ళు, ఎవడి కోట వాడిది, ఎవడి బంట్లు వాడికి. ఊళ్ళకు కూడా గోడలు, బురుజులు. పన్ను అడగడానికి పోయినవాడు ప్రాణాలతో తిరిగొస్తాడో లేదో తెలియదు. 1801లో ఆదోని ప్రాంతంలో తెర్నేకల్లు అనే ఊరు శిస్తు గొడవలో ఎదురు తిరిగి తహశీల్దారును చంపింది. కంపెనీ సేన మొదటి దాడి ఆ మట్టికోట ముందు తప్పింది. మరింత బలగంతో వచ్చాకనే ఊరు పడింది. పాళెగాళ్ళను మన్రో సైన్యం అండతో ఒకరి తర్వాత ఒకరిని తొలగించాడు. కొందరికి పింఛన్లు కట్టాడు, కొందరిని ఖైదు చేశాడు. ఈ కాఠిన్యం లండన్‌లో కంపెనీ డైరెక్టర్లకే మింగుడు పడలేదు. అతన్ని రైతుల దేవుడిగా పూజించేవాళ్ళు ఈ పేజీని తిప్పేస్తారు. అది సరికాదు. ఆ పింఛన్ల తగాదాలోంచే నలభై ఏళ్ళ తర్వాత ఉయ్యాలవాడ నరసింహారెడ్డి లేచాడు, 1847లో కోయిలకుంట్లలో ఉరికొయ్య ఎక్కాడు.

ఇక అసలు పని. పాళెగాడు పోయాడు సరే, పన్ను ఎవరి దగ్గర తీసుకోవాలి? బెంగాలులో 1793 నాటి శాశ్వత ఏర్పాటు ఉంది. ఒక జమీందారును నిలబెట్టి, ఇంత కట్టు అని చెప్పి, కింద ఏం జరిగినా చూడకపోవడం దాని పద్ధతి. ఉత్తర సర్కారుల్లోనూ అదే తెస్తున్నారు. మద్రాసులో పై అధికారులకు అది సుఖం. నాలుగు పేర్లు, నాలుగు అంకెలు. మన్రో పద్ధతిలో లక్షలాది పేర్లు. ప్రతి రైతుతో విడిగా ఒప్పందం, ప్రతివాడికీ ఒక పట్టా. దానికి ముందు ప్రతి చేనూ కొలవాలి. రెండు వందల ఏళ్ళ కిందట, ఈ ఎండలో.

1802లో సర్వే మొదలైంది. పని తెలిసిన గుమాస్తాలు మొదట నలుగురంటే నలుగురే దొరికారు. వాళ్ళు మరికొందరికి నేర్పారు. ఆ ఏడాది చివరికి యాభై మంది, మరుసటి ఏడుకు వంద మంది అయ్యారు. కొలత సాధనం ముప్పై మూడు అడుగుల గొలుసు. గొలుసు నిడివి, గొలుసు వెడల్పు గల చదరం ఒక గుంట. నలభై గుంటలు ఒక ఎకరం. కావాలంటే కాగితం మీద గుణించి చూసుకోండి, చదరపు అడుగుతో సహా సరిపోతుంది. కర్ణాటక లోపలి జిల్లాల్లో, తెలంగాణలో ఇప్పటికీ పొలం బేరం గుంటల్లోనే.

ఆ కొలత రోజును ఒకసారి ఊహించండి. గొలుసు ఒక చివర ఒకడు, రెండో చివర ఇంకొకడు. గట్టు మీద రెడ్డి, చంకలో లెక్కల కట్టతో కరణం, ముందు దారి చూపుతూ తలారి. చేను గలవాడు నోరు మెదపకుండా గొలుసు వంకే చూస్తుంటాడు. గొలుసు బిగించి లాగితే ఒక లెక్క, వదులుగా పట్టుకుంటే ఒక లెక్క. ఈ వదులు ఎంత ఖరీదో కరణానికి తెలుసు. మన్రోకీ తెలుసు. అందుకే కొలిచినవాళ్ళ మీద మళ్ళీ కొలిచే తనిఖీదార్లను పెట్టాడు. కొలతగాళ్ళకు నెల జీతం తీసేసి ఎకరానికి ఇంత అని కట్టాడు. జీతమైతే పని సాగదీస్తారు, ఎకరం లెక్కయితే పరుగెత్తిస్తారు. పరుగెత్తి తప్పు కొలిస్తే పట్టుకోవడానికి తనిఖీ ఉండనే ఉంది. ఎన్నడూ దున్నని కొండలూ గుట్టలూ తప్ప మిగతా నేలంతా కొలిచారు.

కొలతయ్యాక తరం కట్టడం. మాగాణి, తోట, మెట్ట అని మూడు పెద్ద రకాలు, వాటిలో మళ్ళీ తరాలు. రేగడి ఒక తరం, ఎర్రనేల ఒక తరం, సుద్దరాళ్ళు తేలిన చెలక ఒక తరం. తరం కట్టేవాళ్ళు ఊరి రెడ్డిని, కరణాన్ని, రైతులను వెంటబెట్టుకుని చేలు తిరిగి నలుగురి ముందూ నిర్ణయించాలి. ఇందులోనూ ఒక చమత్కారం ఉంది. ఒక ఊరి కరణం లెక్క సరిగా ఉందో లేదో చూడటానికి పక్క ఊరి కరణాన్ని పిలిచేవాళ్ళు. దాయాది గుట్టు దాయాదికే తెలుస్తుంది గదా. దాచిన చేలు, ఇనాం పేరుతో కలిపేసుకున్న చేలు బయటపడ్డాయి. కరణాల చేతిలో రెండు కట్టలుండటం, ఒకటి సర్కారుకు, ఒకటి తమకు, మన్రో కనిపెట్టిన విషయమేమీ కాదు. అందరికీ తెలిసినదాన్ని అతను పనిలో పెట్టుకున్నాడు, అంతే. ఆ కరణాల ఉద్యోగం వంశపారంపర్యంగా ఆంధ్రప్రదేశ్‌లో 1984 దాకా నిలిచింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం రద్దు చేస్తే గాని పోలేదు.

ఏటా పంటల కాలంలో జమాబందీ. కలెక్టరు గుడారం ఊరూరూ తిరుగుతుంది. అనంతపురంలో మకాం ఉన్నా, ఏడేళ్ళలో ఎక్కువ భాగం మన్రో కాపురం గుడ్డ ఇంట్లోనే. పొద్దున గుడారం ముందు జనం, సాయంత్రం అదే జనం. ఒకడు చెరువు కట్ట తెగిందంటాడు, ఒకడు ఎద్దు చచ్చింది తక్కావీ అప్పు ఇప్పించమంటాడు, ఒకడు పక్కవాడి శిస్తు తన మీద రాశారంటాడు. అన్నీ విన్న తర్వాత ఎవరి పట్టా వాళ్ళకు. ఈ ఏడు ఏ చేను చేస్తాడో, దానికి ఎంత కడతాడో అందులో ఉంటుంది.

చెప్పుకోవడానికి ఇంపుగానే ఉంది. కానీ ఇందులో ఒక ముల్లు ఉంది, దాన్ని మన్రోయే గుచ్చాడు. ఒక రైతు కట్టలేకపోతే ఆ లోటును ఊళ్ళో మిగతా రైతుల మీద, వాళ్ళ శిస్తులో పదో వంతు దాకా, అదనంగా వేసేవారు. విడివిడి ఒప్పందం అంటూనే చివరికి ఊరిని ఉమ్మడిగా జామీను పెట్టారు. చేను వదిలేస్తానన్న రైతును కూడా మాటతోనో బెదిరింపుతోనో మళ్ళీ నాగలి పట్టించేవాళ్ళు. శిస్తు సైతం తేలికైనదేమీ కాదు. మన్రో వచ్చినప్పుడు ఏడాదికి సుమారు 4 లక్షల పౌన్లుగా ఉన్న భూమి రాబడి, వెళ్ళేనాటికి 6 లక్షలు దాటింది. ఏడేళ్ళలో ఒకటికి ఒకటిన్నర. కొత్త భూమి సాగులోకి రావడం, దాచినది బయటపడటం కొంత కారణం. మిగతాది రైతు చెమట.

ఇంత అంకె చూపించిన అధికారి పై మెట్టుకు పోవడం ఏ రాజ్యంలోనైనా ఉన్నదే. ఇక్కడ నాకు రష్యాలో రియాజాన్ ప్రాంతపు పార్టీ కార్యదర్శి అలెక్సీ లారియోనోవ్ గుర్తొస్తాడు. కాలం వేరు, రాజ్యం వేరు, ఉద్యోగం తీరు మాత్రం అదే. మధ్యలో ఒక మనిషి, పైన అంకె అడిగేవాళ్ళు, కింద ఆ అంకెను మోసేవాళ్ళు. ఒక్క ఏడాదిలో మాంసం ఉత్పత్తి మూడింతలు చేస్తానని లారియోనోవ్ 1959లో సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్‌కు మాటిచ్చాడు. పాలిచ్చే ఆవులను నరికించాడు, పక్క ప్రాంతాల నుంచి పశువులు కొనిపించాడు, లెక్క పూర్తి చేశాడు, పతకం వేయించుకున్నాడు. మరుసటి ఏడాది నరకడానికి పశువులు లేవు. 1960 సెప్టెంబరులో ప్రాణం తీసుకున్నాడు. అంకె ఎక్కువైందని ఒక్కసారి పైకి రాసి ఉంటే? రాయలేడు. ఆ ఏర్పాటులో రాసేవాడికి చోటు లేదు.

మన్రో రాశాడు. నా దృష్టిలో అతని ఏడేళ్ళ కలెక్టరీలో చెప్పుకోదగ్గ పని గొలుసు కాదు, పాళెగాళ్ళ అణచివేత అసలే కాదు. సెలవు మీద ఇంగ్లండు వెళ్ళబోతూ 1807 ఆగస్టు 15న మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదిక. తానే కొలిపించి, తానే తరం కట్టించి, తానే వసూలు చేసిన శిస్తు ఎక్కువగా ఉందని అందులో ఒప్పుకున్నాడు. లెక్క కూడా చూపించాడు. మొత్తం పంటలో సర్కారు తీసుకుంటున్నది నూటికి 45 వంతుల దాకా ఉంది. ఇది మూడో వంతుకు దిగాలి. దిగితేనే రైతు చేతిలో మిగులుంటుంది, భూమికి వెల వస్తుంది, అమ్ముకోనూ కొనుక్కోనూ వీలవుతుంది. కెనరాలో చూసిన సంగతి ఇక్కడ బయటికొచ్చింది. అందుకని సర్వే శిస్తులో అన్నిటి మీద నూటికి పాతిక తగ్గించాలి. బావి నీటితో గాని, వంకలోంచో ఏటిలోంచో నీళ్ళు తోడి గాని సాగుచేసే నేలకు ఇంకో ఎనిమిది కలిపి 33 తగ్గించాలి.

ఆ ఎనిమిది దగ్గర కాస్త ఆగాలి. మోట తోలే బావిని చూసినవాడు గాని ఆ ఎనిమిది రాయలేడు. రెండు ఎద్దులు ఏటవాలు దారిలో దిగితే తోలు బాన పైకొస్తుంది, వెనక్కి నడిస్తే లోపలికి పోతుంది. కోడికూతకు ముందు మొదలుపెట్టి ఎండ ముదిరేదాకా అదే దిగడం, అదే ఎక్కడం. బావి తవ్వినవాడు రైతు, ఎద్దులు రైతువి, తోలు రైతుది. సర్కారు వానను కూడా కురిపించలేదు. చెరువు కింద నేలతో సమానంగా ఆ తోటకు పన్ను వేస్తే మళ్ళీ ఎవడు బావి తవ్వుతాడు?

ఇంకో మాట కూడా రాశాడు. రైతు ఏ ఏడుకు ఆ ఏడు తన వల్ల కాని చేనును వదులుకోవచ్చు, బంజరు కావాలంటే తీసుకోవచ్చు, పెట్టిన ఖర్చుతో బాగుచేసుకున్న భూమికి శిస్తు పెంచకూడదు, కట్టినంత కాలం పట్టా తీసేయకూడదు. రైత్వారీ అని తర్వాత పుస్తకాలకెక్కిన పద్ధతికి ఎముక ఇదే.

మద్రాసువాళ్ళు వినలేదు. అక్టోబరులో మన్రో ఓడ ఎక్కాడు. 1808లో సీమను బళ్ళారి, కడప అని రెండు కలెక్టరేట్లుగా విడగొట్టారు. (అనంతపురం బళ్ళారిలోంచి విడిపడింది 1882లో.) రైత్వారీని పక్కన పెట్టి ఊళ్ళను మొత్తంగా కౌలుకిచ్చారు. మొదట మూడేళ్ళకు, తర్వాత పదేళ్ళకు. కౌలుదార్లు రైతుల నెత్తిన ఎక్కారు, చాలామంది వాళ్ళే మునిగారు. తగ్గించమన్న పాతిక తగ్గలేదు.

ఇక్కడే కథ మామూలు ఉద్యోగి కథలా ముగిసిపోవలసింది. దస్త్రం మూలన పడింది, అధికారి పింఛను పుచ్చుకున్నాడు, అని. అలా కాలేదు. లండన్‌లో మన్రో ఊరుకోలేదు. 1813లో పార్లమెంటు ముందు సాక్ష్యం చెప్పాడు. 1814లో న్యాయవ్యవస్థను సరిదిద్దే కమిషనుకు పెద్దగా తిరిగి వచ్చాడు. మునసబులకు అధికారాలు ఇవ్వడం, పోలీసు పనిని కలెక్టరు కిందికి తేవడం 1816లో జరిగాయి. 1820 జూన్‌లో మద్రాసు గవర్నరు అయ్యాడు. తన పాత నివేదికకు ఇప్పుడు తానే పై అధికారి. దత్తమండలాల్లో రైత్వారీ మళ్ళీ వచ్చింది. 1820ల మొదట్లో ఆ పాతిక, బావి నేలలకు ఆ 33 తగ్గాయి. పదమూడేళ్ళ కిందట అడిగింది.

ఆలస్యపు ఖరీదు రైతులే కట్టారు. తగ్గించిన తర్వాత కూడా శిస్తు బరువే. కరువులు వచ్చిన ప్రతిసారీ అది తెలిసొచ్చింది. 1876-78 ధాత కరువులో ఎక్కువగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్ళారి ఒకటి. మన్రో పద్ధతిని పొగిడేవాళ్ళూ తిట్టేవాళ్ళూ ఇద్దరూ ఆ కరువు గుర్తుపెట్టుకోవాలి. పొలాలను కూడా 19వ శతాబ్దం చివర్లో మళ్ళీ కొలిచి కొత్త నంబర్లు వేశారు. ఇప్పటి పహణిలో ఉన్నది మన్రో గుమాస్తా వేసిన నంబరు కాదు. పద్ధతి మాత్రం అదే.

ఇక మంత్రాలయం. అప్పట్లో ఆ ఊరు మంచాల, ఆదోని తాలూకాలో తుంగభద్ర ఒడ్డున. మఠం ఇనాం విచారణకు మన్రో వెళ్ళాడని, బూట్లు విప్పి లోపలికి పోతే రాఘవేంద్రస్వామి అతనికి మాత్రమే కనిపించి మాట్లాడారని, ఇనాం కొనసాగిందని కథ. జిల్లా గెజెటీరుకు కూడా ఎక్కింది. నమ్మేవాళ్ళు నమ్ముతారు. నాకు ముచ్చటేసేది వేరే. బృందావనంలోంచి లేచి వచ్చిన స్వామివారు కూడా మాట్లాడింది మోక్షం గురించి కాదు, ఇనాం భూమి గురించే. రెవెన్యూ మనిషి ముందుకొస్తే దేవుడైనా కాగితాలు చూపించాల్సిందే! కడప జిల్లా గండిలో కొండల మధ్య బంగారు తోరణం అతని కంటికి కనబడిందని, అది చావుకు సూచన అని ఇంకో కథ. సీమ జనం పిల్లలకు మన్రోళప్ప అని పేరు కూడా పెట్టుకున్నారు. పన్ను కట్టించుకున్నవాడి పేరు కొడుక్కి పెట్టుకోవడం మరెక్కడైనా ఉందేమో నేనెరగను.

1827లో ఉద్యోగం వదిలి స్వదేశం పోవడానికి అంతా సిద్ధమైంది. వెళ్ళేముందు పాత సీమను ఒకసారి చూసిపోవాలనుకున్నాడు. వేసవిలో బయల్దేరాడు. గుత్తిలో మకాం ఉండగా బిడారంలో కలరా వచ్చింది. జులై 6న పత్తికొండ చేరారు. పొద్దున్నే గవర్నరుకు కూడా తగిలింది. సాయంత్రం పోయాడు. గుత్తిలో పాతిపెట్టారు. 1831లో ఎముకలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. శిల్పి చాంట్రీ చేసిన అతని విగ్రహం చెన్నైలో గుర్రం మీద ఉంది. జీను లేదు, రికాబులు లేవు.

పత్తికొండలో అతని పేర ప్రభుత్వం ఒక చెట్లతోపు వేయించింది, మెట్లబావి తవ్వించింది. ఆ బావి నీటికి శిస్తు లేదు.